మర్యాదకి అన్న సరే

తలుపు వేసేశారు. వేసే ముందు కాస్త సందులోంచి కనబడింది, పిల్లల్ని పడుకోబెట్టే నీలం రంగు పలక, దానికి అటూ ఇటూ రెక్కల్లాగా గుడ్డ, గుడ్డకి వెడల్పాటి పట్టీలు, మా మనవరాలు యారేలి గులాబీ మేజోళ్ళు, అంతే, తలుపు పడింది. ఇప్పుడు తలుపు మీద నవ్వుతున్న పన్ను బొమ్మ ఒక్కటే నాకేసి చూస్తోంది, చేతిలో బ్రష్షు పట్టుకుని. పన్నుకి చేతులేమిటో, పన్నుకి కళ్ళేమిటో. నేను సరే అన్నానా? అన్నాను. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పింది, పక్కనున్న సాయం పిల్ల, బ్రిసైడా, దాన్ని స్పానిష్‌లో చెప్పింది, నేను టోపీ తీసి గుండెకి ఆనించుకుని తమరెట్లా చెబితే అట్లా డాక్టరమ్మా అన్నాను. తల కూడా ఊపాను. ఊపకుండా ఎలా ఉంటాను, పెద్ద చదువు చదువుకున్న మనిషి నిలబడి మాట్లాడుతుంటే. అప్పుడు యారేలి నా ప్యాంటు పట్టుకుని ఉంది. ఆ పిడికిలి విడిపించింది నేనే, ఒక్కో వేలూ, చెట్టునుంచి కాయ కోసినట్టు తొడిమకి దెబ్బ తగలకుండా. వెళ్ళమ్మా, ఏం చెయ్యరు, అన్నాను. ఏం చేస్తారో నాకు తెలుసా? దుప్పట్లో చుడతాం తాతగారూ, కదలకుండా ఉండాలి కదా, కౌగిలించుకున్నట్టే ఉంటుంది, ఇవాళే రెండు పళ్ళ పని అయిపోతుంది, అంది బ్రిసైడా. ఇవాళ కాదంటే, అని ఇంకా ఏదో చెప్పింది, పెద్దాసుపత్రి, నిద్ర మందు, నెలలు, ఇలాంటి మాటలు. అది ఇక్కడ పుట్టిన పిల్ల. దాని స్పానిష్ వంటింట్లో నేర్చుకున్నది, అన్నం పెట్టమనడానికీ అమ్మమ్మతో పోట్లాడడానికీ సరిపోతుంది. డాక్టరు మాటలు దాని నోట్లో పడి పొట్టు పొట్టుగా బయటికొచ్చాయి. నేను పొట్టుకీ తల ఊపాను.

బయట పొగమంచు. వీధి అవతల టైర్ల దుకాణం కూడా కనిపించడం లేదు. ఇలాంటి పొద్దుల్లో నారింజ తోటకి వెళ్ళేవాళ్ళం కాని ఆకులమీద తడి ఆరేదాకా కాయ ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు, మచ్చలు పడతాయని. ట్రక్కుల్లో ముడుచుకు కూచుని ఎదురుచూసేవాళ్ళం. ఎదురుచూడడం నాకు కొత్తేం కాదు. కాని ఈ మోకాలు ఊరుకోవడం లేదు, దానంతటదే ఎగురుతోంది. చెయ్యి పెట్టి నొక్కాను. చెయ్యి తీస్తే మళ్ళీ ఎగురుతోంది. లేచాను. కిటికీ దాకా వెళ్ళాను. వచ్చి కూచున్నాను. గోడమీద టీవీలో ఒక కుందేలు ఇంగ్లీషులో అరుస్తోంది. లవంగం వాసన. పన్ను నెప్పికి మా అమ్మ పెట్టే లవంగమే, ఇక్కడ సీసాలో పెట్టి అదే వాసన.

నాకూ ఒకసారి పన్ను పీకారు, యారేలి కంటే కాస్త పెద్దవాణ్ణి, అక్కడ మా దేశంలో, మిచోయకాన్ కొండల్లో, మంగలి కసియానో. జుట్టూ ఆయనే, పళ్ళూ ఆయనే. కదలకుండా నన్నూ పట్టుకున్నారు. కాని పట్టుకున్నవి నాన్న చేతులు. ఆయన ఒళ్ళో నన్ను వెనక్కి వాల్చుకుని రెండు చేతులూ చుట్టేశాడు, చొక్కాకి చెమట వాసన, పొగాకు వాసన, నా వీపుకి ఆయన గుండె కొట్టుకోవడం తెలుస్తోంది, నాకంటే ఆయనే ఎక్కువ భయపడుతున్నాడని అప్పుడే తెలిసింది, తెలిసేసరికి నాకు భయం పోయింది. పట్టుకోవడంలో తప్పులేదు. మేకపిల్లని నేను పట్టుకోలేదా, దూడని పట్టుకోలేదా. పట్టీ వేరు, పట్టీకి గుండె కొట్టుకోదు. నన్ను లోపలికి రానివ్వమని అడగొచ్చా? పెద్దవాళ్ళు బయటే ఉండాలని గోడమీద బొమ్మవేసి పెట్టారు. అడగొచ్చో లేదో. అడిగే పనులు ఎప్పుడూ ఒతీలియా చూసుకునేది. నా ఆవిడ. బడిలో నేను మూడేళ్ళు కూచున్నాను, ఆమె అదీ లేదు, అయినా అడిగేది ఆమే. ఉల్లిపాయలు ఎందుకింత ధర అని అడిగేది, బస్సు ఎందుకు ఆలస్యం అని అడిగేది. డాక్టర్లని మాత్రం అడిగేది కాదు. డాక్టర్లంటే వేరు. ఫాదరూ, డాక్టరూ, యజమానీ, ఈ ముగ్గురి ముందూ మా వాళ్ళకి ఒకటే మాట, తమరెట్లా చెబితే అట్లా.

ఆ మాటకి అర్థం సరే అని ఎవరు చెప్పారు? మా ఊళ్ళో ఎవరికీ ఆ అర్థం తెలీదు. సర్కారు నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు నా చిన్నప్పుడు, కొత్త బూట్లు, మెళ్ళో దూరం కొలిచే టేపు. మీ చేలమీదుగా కాలవ తవ్వాలి, ఇంటికో మనిషి పారతో సోమవారం రావాలి, ఏమంటారు, అన్నాడు. అందరూ టోపీలు తీశారు. తమరెట్లా చెబితే అట్లా ఇంజినీరు గారూ, అన్నారు. కోడి కోసి కూర చేసి పెట్టారు. ఆయన సంతోషంగా గాడిద ఎక్కి వెళ్ళిపోయాడు. సోమవారం కాలవ దగ్గర ఆయనొక్కడే నిలబడ్డాడు, టేపు పట్టుకుని. ఒక్క పురుగు రాలేదు. అబద్ధమాడామని ఎవరూ అనుకోలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషికి మొహం మీద వద్దంటామా, ఎంత అవమానం ఆయనకి. సరే అంటాం, ఇంటికి పోతాం, పొయ్యి దగ్గర కూచుంటాం, అత్తా మామా చిన్నాయనా అందరూ తలా ఒక మాటా అంటారు, ఆ తర్వాత వెళ్ళాలంటే వెళతాం, లేదంటే వెళ్ళం. వెళ్ళకపోవడమే వద్దనడం. ఇంజినీరుకి కూడా రెండోసారి వచ్చేసరికి తెలిసిపోయింది, ఎన్ని సరేలు వచ్చినా నవ్వి ఊరుకున్నాడు, ముందు కూర తినేశాడు. ఈ దేశంలో అలా కాదు. ఇక్కడ సరే నోట్లోంచి ఊడిపడకముందే పట్టుకుని పని మొదలెట్టేస్తారు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకునే సందు ఉండదు. తలుపు వేసేస్తారు.

ఇదుగో, మొదలెట్టింది. యారేలి. తలుపు మందంగా ఉన్నా వినిపిస్తోంది. మొదట కోపంగా, వద్దు వద్దు అని, స్పానిష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఇంత పిల్లకి రెండు భాషల్లోనూ వద్దనడం వచ్చు. నాకు ఒక్క భాషలోనూ రాదు. లేచాను. కూచున్నాను.

"ఏమయ్యా దోన్ ఫెర్మీన్, ఆ టోపీని అట్లా తిప్పుతున్నావు, పెళ్ళికూతురు లేచిపోయిన పెళ్ళికొడుకులాగా! కూచో, నేల అరిగిపోతుంది."

దోన్యా చాయో. బట్టలుతికే మిషన్ల దుకాణం వెనక వీధిలో ఉంటుంది, చర్చిలో మా ముందు బెంచీ. మనవరాలికి నింపిన పన్ను చూపించడానికొచ్చింది, ఆ పిల్ల ఇంకో గదిలో ఉంది.

"కూచునే ఉన్నాను," అన్నాను.

"కూచునే ఉన్నావు, నిలబడే ఉన్నావు. ఎవరిది ఆ ఏడుపు, మీ అమ్మాయి నొయెమీ చిన్నదానిదేనా? గొంతు ఉంది దానికి, చర్చి పాటల్లో పెట్టించు."

"పలకమీద చుడుతున్నారట."

"ఓ, అదా." ఆమె సంచీ మూతి బిగించింది. "మా రెండోదాన్నీ అట్లాగే చుట్టారు. మొక్కజొన్న ఆకులో తమాలే చుట్టినట్టు చుట్టారనుకో, ఆవిరికి పెట్టడం ఒక్కటే తక్కువ." నవ్వింది, తర్వాత నవ్వలేదు. "ఇప్పటికీ రాత్రి దుప్పటి కప్పితే తన్ని అవతల పారేస్తుంది. ఇంత చలిలో కూడా. ఏం చేస్తాం. పళ్ళు మాత్రం బాగున్నాయిలే."

"నువ్వు సరే అన్నావా?"

"అన్నట్టే ఉంది. వాళ్ళు అడిగినట్టే ఉంది, నేను అన్నట్టే ఉంది." నాకేసి చూసింది. "డాక్టర్లతో ఏమంటాం చెప్పు? నువ్వయితే వద్దంటావా? నువ్వు! కుర్చీ ఖాళీగా ఉన్నా కూచోవచ్చా అని కుర్చీనే అడిగే మనిషివి!"

ఆమె మాటకి నవ్వొచ్చేదే ఇంకోరోజయితే. తాతా అంటోంది లోపల. వద్దు అనడం మానేసింది, ఇప్పుడు తాతా అంటోంది, తాతా, తాతా, మధ్యలో ఊపిరి అందక ఆగి మళ్ళీ తాతా. కుందేలు అరుపు పెద్దదా దీని అరుపు పెద్దదా. ఎవరైనా ఆ కుందేలు నోరు ముయ్యండి. నొయెమీకి ఫోను చెయ్యాలి. చేస్తే ఎత్తదు, నారింజలు సర్దే షెడ్డులో బెల్టు దగ్గర ఫోను ఉండనివ్వరు, పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పోయిన వారం నొయెమీ వచ్చినప్పుడు డాక్టరమ్మ చెప్పిందట, పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోతే పళ్ళు ఇలాగే పాడవుతాయని. అదొక్కటే విందట నొయెమీ, మిగతాదేదీ వినలేదట, సిగ్గుతో చెవులు మూసుకుపోయాయట. తనకి నాలుగు పదులు దాటాక పుట్టిన పిల్ల, దేవుడిచ్చిన పిల్ల, దాని పళ్ళు పాడుచేశానని ఇంటికొచ్చి ఏడ్చింది. తాత ఏమంటే అదే నా మాట అని రాసిచ్చి వచ్చిందట. ఆ సంగతి ఇవాళ పొద్దున చెప్పింది, జడ అల్లుతూ. నా మాట! నా నోట్లో ఉన్న మాట ఒక్కటే కదమ్మా.

నొయెమీ పుట్టిన ఆసుపత్రి దీనికంటే చాలా పెద్దది, దక్షిణాన మహానగరంలో, అప్పట్లో అక్కడ కుట్టు పని చేసేది ఒతీలియా. లోపలికి రానివ్వలేదు నన్ను అప్పుడు కూడా. పచ్చగోడల నడవాలో నిలబడ్డాను. ఎవరెవరో ఆడవాళ్ళు కేకలు వేస్తున్నారు, అందులో ఒతీలియాది ఏదో తెలీలేదు, అన్నీ ఆమెవే అనిపించాయి. నొప్పులు పడుతుంటే ఒక డాక్టరు వచ్చాడట, ఒక నర్సు ఏదో గబగబా చెప్పిందట, నీ మంచికే, ఆపరేషను అంది అంతవరకే అర్థమైందట. ఒతీలియా అంది, తమరెట్లా చెబితే అట్లా డాక్టరు గారూ. అంత నొప్పిలో కూడా గారు అంది. పిల్ల పుట్టింది, బాగుంది, ఇంటికొచ్చాం. తర్వాత ఇంకో పిల్ల కోసం ఎదురుచూశాం. మూలికల కషాయం, అమ్మవారికి కొవ్వొత్తులు. కొన్నేళ్ళ తర్వాత కౌంటీ క్లినిక్‌లో ఒక నర్సు చెప్పింది, నీకు ఇంక పిల్లలు పుట్టకుండా ముడి వేసేశారమ్మా, తెలీదా, నువ్వే సరే అన్నావటగా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బీన్సు పొయ్యిమీద పెట్టింది. రాళ్ళు ఏరి, కడిగి, నీళ్ళు పోసి, మూత పెట్టింది. అప్పుడు నాకేసి తిరక్కుండా అంది, మర్యాదకి అన్నాను ఫెర్మీన్. మర్యాదకి అన్నాను, అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత ఏ డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళినా ఆమె నోరు తెరవలేదు. సరే అనలేదు, వద్దనలేదు. గోడకేసి చూస్తూ కూచునేది. చివరి జబ్బులో కూడా అలాగే. మాటలు లేని మనిషిని నేనని ఊరంతా అనుకుంటారు, మాటలున్న మనిషి నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ ఇంట్లో ఉన్నాను.

ఏడుపు ఆగింది.

ఒక్కసారిగా. దోన్యా చాయో తల ఎత్తింది. టీవీ కుందేలు, గోడ పక్కన నీళ్ళ మిషను బుడబుడ, అంతే. అయిపోయిందేమో. అలసిపోయిందేమో. నిద్రపోయిందేమో. మేకపిల్ల కూడా కాళ్ళు కట్టాక కాసేపు గింజుకుంటుంది, అరుస్తుంది, తర్వాత ఊరుకుంటుంది. ఒప్పుకుందనుకుంటాం మనం. కళ్ళు చూస్తే తెలుస్తుంది ఒప్పుకోలేదని, ఇంకెవరూ రారని తెలిసి ఊరుకుందని. ఆ గోడకేసి చూడడం. ఆ చూపు ఇంత పిల్లకి రాకూడదు, ఇంకా పాలపళ్ళే, నోట్లో ఉన్నవన్నీ పాలపళ్ళే, దీనికప్పుడే ఆ చూపు రాకూడదు. నేను లేచాను. ఈసారి కిటికీ దగ్గరికి కాదు. ఎక్కడికయ్యా, అంది దోన్యా చాయో. నా కాళ్ళు నడుస్తున్నాయి, నేను వాటి వెనక వెళుతున్నాను. పన్ను బొమ్మ దగ్గరయింది. పిడి చల్లగా ఉంది. తలుపు తట్టాలనుకున్నాను, మర్యాద కదా. తట్టలేదు.

దీపం వెలుగు కళ్ళలో పడింది. పలకమీద మెడదాకా చుట్టి ఉంది, నీలం గుడ్డ, పట్టీలు, ఆ పైన ఇంత మొహం, జడ ఊడిపోయింది, కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకప్పు కేసి. నన్ను చూసింది కాని పిలవలేదు. డాక్టరమ్మ చేతిలో సూది ఇంకా పైనే ఉంది. బ్రిసైడా గబుక్కున లేచింది.

"తాతగారూ, మీరు బయట..."

"వద్దు," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరో తుమ్మినట్టు. బ్రిసైడా ఇంగ్లీషులో చెప్పక్కర్లేకపోయింది, ఆ మాట డాక్టరమ్మకి తెలిసినట్టే ఉంది. సూది పళ్ళెంలో పెట్టింది. చిన్నదే, మా నొయెమీ కంటే చిన్నది, కళ్ళ కింద నల్లగా ఉంది, పొద్దుట్నించీ ఎంతమంది పిల్లలు తన్నారో. ముసుగు కిందికి లాగి ఏదో అంది.

"మీరు సరే అన్నారు కదా అంటోంది," అంది బ్రిసైడా. "అన్నారు కదా తాతగారూ, నేను కూడా విన్నాను."

"అన్నాను. అది మర్యాదకి. ఆమె పెద్ద చదువు చదువుకుంది, నిలబడి మాట్లాడింది, అందుకని అన్నాను. జవాబు ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

బ్రిసైడా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో వెతుక్కుంటోంది. చెప్పడం మొదలుపెట్టి చాలాసేపు చెప్పింది, నేను అన్నదానికంటే చాలా ఎక్కువ, మధ్యలో తన గుండెమీద తనే చెయ్యి వేసుకుంది. ఏం చెప్పావు అన్నాను. "మా అమ్మమ్మ కూడా ఇంతేనని చెప్పాను. ఇంటికి గ్యాసు వాడొచ్చినా, ఇంకెవరొచ్చినా అన్నిటికీ సరే అంటుందని, వాళ్ళు వెళ్ళాక మా అమ్మ పరిగెత్తి ఆపుతుందని." పిల్ల మొహం ఎర్రబడింది. డాక్టరమ్మ వింటోంది. ఆమెకి కోపం వస్తుందనుకున్నాను, కేకలేస్తే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకోలేదు. ఆమె ఒక్కసారి నాకేసి చూసి, వంగి, పట్టీ లాగింది. చర్రుమని ఊడింది. ఇంకోటి. చర్రు. చర్రు. యారేలి చేతులు బయటికొచ్చాయి, ముందు కదల్లేదు, వాటికి తెలీనట్టు, తర్వాత ఒక్కసారిగా లేచి నా మెడని పట్టుకున్నాయి, ఇక అప్పుడు ఏడ్చింది చూడండి, అబ్బా, ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి మెల్లగా, ఒక్కో ముక్కా, బ్రిసైడా దాన్ని చెప్పాక ఇంకో ముక్క. చుట్టి చెయ్యడం ఒకటి. పెద్దాసుపత్రిలో నిద్రమందిచ్చి అన్నీ ఒకేసారి చెయ్యడం ఇంకోటి, దానికి నెలలు పడుతుంది, నిద్రమందుకి దాని భయం దానికుంది. ఇంకోటి కూడా ఉందట, పన్నుకి పూసే మందు, సూది లేదు, మర లేదు, పుప్పి అక్కడే ఆగిపోవచ్చు, కాని పన్ను నల్లగా అయిపోతుంది, ముందుపళ్ళు కూడా, నవ్వితే కనిపిస్తుంది. ఇది ముందెందుకు చెప్పలేదు అన్నాను. తల్లులకి నల్లపళ్ళు నచ్చవు, అందుకని తక్కువ చెబుతాం, అంది. ఆ మాట అంటూ కళ్ళు దించుకుంది. నాకు ఆమె మీద జాలేసింది, ఫరవాలేదు డాక్టరమ్మా తమరెట్లా చెబితే, అని నోటిదాకా వచ్చేసింది, పళ్ళ మధ్య పట్టి ఆపాను.

"నేను పట్టుకుంటే?" అన్నాను. "పలక కాదు. నా ఒళ్ళో కూచోబెట్టుకుని. ఆ మందు పూసేదైతే."

"పట్టుకోవచ్చంట. అలా చేస్తారంట."

"అయితే దీని తల్లిని అడగాలి."

షెడ్డు ఆఫీసుకి ఫోను బ్రిసైడానే చేసింది. అత్యవసరం అని అంది, కాసేపటికి నొయెమీ గొంతు, వెనక బెల్టు గరగర, పెట్టెలు పడుతున్న చప్పుడు.

"నాన్నా? ఏమైంది? పిల్లకేమైంది?"

"ఏం కాలేదు. ఆపించాను."

"ఎవర్ని?"

"డాక్టరమ్మని."

బెల్టు గరగర. "నువ్వా?"

"నేనే."

"నువ్వు డాక్టర్ని ఆపించావా? ఏమని?"

"వద్దన్నాను."

  ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. నవ్విందో ఏడ్చిందో, రెండూనేమో. "నాన్నా, నేనూ ఆ రోజు అన్నిటికీ సరే సరే అనే వచ్చేశాను. ఏం చెప్పిందో కూడా తెలీదు. ఏమనుకుంటుందో అని." యారేలి ఫోనుకి నోరు ఆనించి అమ్మా అంది, ముక్కుకారుతూ. "అమ్మలూ, ఉండు, ఉండమ్మా. నాన్నా, ఫోను ఆమెకివ్వు. అందరికీ వినబడేట్టు పెట్టించు. నేను అడగాలి."

పెట్టించాను. డాక్టరమ్మ చక్రాల స్టూలు లాక్కుని కూచుంది, మాకు ఎదురుగా, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేంత దగ్గరగా. నల్లబడ్డ పళ్ళు ఊడి కొత్తవి వచ్చేదాకా అలాగే ఉంటాయా అని నొయెమీ అడిగింది. ఉంటాయి. కొత్తవి తెల్లగా వస్తాయా? వస్తాయి. మందు మింగితే? చెప్పింది. నొప్పి ఉన్న వెనకపన్ను సంగతేమిటి, అది కూడా ఆగుతుందా? అది ఆగదు, దానికి వేరే చెయ్యాలి, అంది డాక్టరమ్మ. ఏం చెయ్యాలి, ఎప్పుడు, ఎవరు పట్టుకుంటారు? గొంతు మొదట సన్నగా ఉంది, ప్రశ్న ప్రశ్నకీ లావవుతోంది, వాళ్ళమ్మ ఉల్లిపాయల వాడిని అడిగినప్పటి గొంతులా.

ఫోనులో గంట మోగింది. బెల్టు మేస్త్రీ ఆడగొంతు, కరుగ్గా, "నొయెమీ! ఇక రా! పెట్టెలు పేరుకుపోతున్నాయి ఇక్కడ!"

"ఆఁ, వస్తున్నా మేడం! తమరెట్లా చెబితే అట్లా!" అని అరిచింది నొయెమీ.

ఫోను పెట్టలేదు. ఇంకో ప్రశ్న అడిగింది.